క్రాన్‌ఫర్డ్, ధవళేశ్వరం, మా మామ్మ

మా టీంలో నన్ను ఆటపట్టించడానికి ఈ మధ్య కొత్త కారణం ఒకటి దొరికింది. ఓ శుక్రవారం సాయంత్రం రిలీజ్ అయిపోయాక అందరూ వీకెండ్‌కి ఏం చూడబోతున్నారో చెప్పుకుంటుంటే, నేను నోరు జారి "క్రాన్‌ఫర్డ్" అన్నాను. ఒకడు అక్కడికక్కడే ఫోన్లో వెతికాడు. తలకి లేసు టోపీలు పెట్టుకున్న నలుగురు ముసలమ్మలు టీ తాగుతున్న ఫోటో వచ్చింది. అంతే, అప్పట్నించీ నా పేరు టీకప్పు. (వాళ్ళు చూసేవన్నీ ఎపిసోడ్‌కి నాలుగు హత్యలు జరిగేవి లెండి. ఎవడి రుచి వాడిది.)

కానీ ఈ జబ్బు నాకొక్కడికే లేదు. నాకు తెలిసిన సాఫ్ట్‌వేర్ జనాల్లో కనీసం అరడజను మంది పైకి చెప్పకుండా ఈ బాపతు బ్రిటిష్ సీరియళ్ళు చూస్తారు. గాస్కెల్ అనే ఆవిడ రాసిన కథల మీద 2007లో బీబీసీ తీసిన క్రాన్‌ఫర్డ్, ఫ్లోరా థాంప్సన్ పుస్తకాల మీద 2008 నుంచి 2011 దాకా వచ్చిన లార్క్ రైజ్ టు క్యాండిల్‌ఫర్డ్, అంతకు ముందు 1994లో వచ్చిన మిడిల్‌మార్చ్... అన్నీ పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ఏదో ఒక పల్లెటూరు, లేదా పల్లెటూరు లాంటి చిన్న ఊరు. వాటిలో జరిగేదేంటయ్యా అంటే పెద్దగా ఏమీ జరగదు. ఒకావిడ ఆవు సున్నపు గోతిలో పడి బొచ్చంతా ఊడిపోతే దానికి ఫ్లానెల్ గుడ్డతో చొక్కా కుట్టిస్తారు. ఆ చొక్కా తొడుక్కుని ఆవు మేతకి వెళ్తుంది. ఊరంతా అదే వార్త. ఒక పిల్లి ఖరీదైన లేసు మింగేస్తుంది. దాన్ని ఎలా రాబట్టారన్నది ఇంకో వార్త.

ఇందులో అంత చూడ్డానికేముంది అని అడిగితే చప్పున దొరికే జవాబు ఒకటుంది. పక్క ఫ్లాట్‌లో ఎవరున్నారో తెలీని బతుకు మనది. ఊరందరికీ ఊరందరూ తెలిసిన చోటు చూస్తే ప్రాణానికి హాయిగా ఉంటుంది. నేనూ చాన్నాళ్ళు ఇదే కారణం అనుకున్నాను. పైగా మాది కోనసీమ. చిన్నప్పుడు వేసవి సెలవలకి వెళ్తే బస్సు దిగిన దగ్గర్నుంచి ఇంటికి చేరేలోపు పదిమంది "ఎవరబ్బాయివి?" అని అడిగేవారు. క్రాన్‌ఫర్డ్‌లో కొత్త డాక్టరు ఊళ్ళోకి వస్తే కిటికీ తెరలు కదుల్తాయి చూడండి, అదంతా నాకు బాగా తెలిసిన వ్యవహారమే.

కానీ రెండోసారి చూసినప్పుడు ఇంకోటి తట్టింది. ఈ సీరియళ్ళన్నిటి వెనకా ఒక భయం ఉంటుంది. ఏదో రాబోతోంది. క్రాన్‌ఫర్డ్ కథ 1842లో మొదలవుతుంది. ఊరికి రైలు పట్టాలు వస్తున్నాయి. మిడిల్‌మార్చ్ 1830 ప్రాంతం, అక్కడా రైలు కోసం భూమి కొలిచేవాళ్ళని రైతులు తరిమి కొడతారు. ఊరు ఊరుగా ఉండే ఆఖరి రోజులన్నమాట. చూసేవాడికి తర్వాత ఏం జరగబోతోందో తెలుసు, తెరమీద వాళ్ళకి తెలీదు. ఆ టీకప్పుల రుచంతా అందులోనే ఉంది.

మరి సరిగ్గా అదే దశాబ్దంలో మన గోదావరి ఒడ్డున ఏం జరుగుతోంది?

మనకి గోదావరి జిల్లా అనగానే పచ్చటి వరిచేలు, కొబ్బరితోట, వెటకారం, పూతరేకులు. 1842 నాటి జిల్లాకి దీనికీ పోలికే లేదు. 1832-33లో వచ్చిన కరువుకి గుంటూరు సీమ సగం ఖాళీ అయినంత పనయింది, ఆ దెబ్బ గోదావరి మీదా పడింది. 1839 నవంబరులో తుఫాను, ఉప్పెన కోరంగి రేవుని తుడిచిపెట్టేసాయి. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు ఉంటే, 1841కి 5 లక్షల 61 వేలకి దిగింది. ఇరవై ఏళ్ళలో ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు లేరు. చచ్చిపోయినవాళ్ళు కొందరు, ఊళ్ళొదిలి పోయినవాళ్ళు కొందరు. పక్కనే అంత గోదావరి పారుతోంది, నీళ్ళన్నీ సముద్రంలోకి. పొలం మాత్రం వానకోసం ఆకాశం వంక చూసేది.

క్రాన్‌ఫర్డ్‌కి రైలు ఎలాంటిదో మనకి ధవళేశ్వరం ఆనకట్ట అలాంటిది. 1844లో ఆర్థర్ కాటన్ ఇక్కడ ఆనకట్ట కట్టాలని రిపోర్టు రాసాడు, 1846లో లండన్ నుంచి ఒప్పుకోలు వచ్చింది, 1847లో పని మొదలయింది, 1852కి పూర్తయింది. ఇంజనీరింగ్ చదివినవాడిని కాబట్టి ఈ భాగం దగ్గర కాస్త ఆగుతాను, ఏమనుకోకండి.

ధవళేశ్వరం దగ్గర నది మధ్యలో లంకలున్నాయి. అందుకని ఆనకట్ట ఒకే గోడ కాదు, నాలుగు ముక్కలు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. అన్నీ కలిపితే సుమారు మూడున్నర కిలోమీటర్ల కట్టడం. అడుగున రాయి లేదు, ఇసుకే. ఇసుక మీద అంత బరువు ఎలా నిలబెడతావని పై అధికారులు అడగనే అడుగుతారు కదా. కాటన్ దగ్గర జవాబు ఉంది. అంతకు ముందు ఆయన తంజావూరు వైపు కొల్లడం నది మీద పనిచేసాడు. అక్కడ చోళులు కట్టిన కల్లణై వందల ఏళ్ళుగా ఇసుక మీదే నిలబడి ఉంది. ఇసుకలో పునాది వేసే పద్ధతి తాను ఆ పాత కట్టడం నుంచే నేర్చుకున్నానని ఆయన దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. లెగసీ కోడ్ చదివి, అర్థం చేసుకుని, రాసినవాడికి దణ్ణం పెట్టిన ఇంజనీరు :) మనలో ఎంతమందిమి ఆ పని చేస్తాం?

రాయి ధవళేశ్వరం కొండ నుంచే తవ్వారు. దాన్ని మోయడానికి పట్టాలు వేసి బళ్ళు నడిపారు. బొంబాయి, ఠాణాల మధ్య మన మొదటి ప్రయాణీకుల రైలు నడిచింది 1853లో. అంటే అంతకు ముందే గోదావరి ఒడ్డున పట్టాలున్నాయి, మనుషుల కోసం కాదు, రాళ్ళ కోసం. వేలమంది కూలీలని కూడగట్టి పని నడిపించడంలో కాటన్‌కి కుడిభుజంగా వీణెం వీరన్న అనే మన ఇంజనీరు ఉన్నాడు. ఊరూరా గుర్రం మీద కాటన్ దొర విగ్రహాలు ఉన్నాయి (మా ఊరి దగ్గరా ఉంది, దండ ఎప్పుడూ తాజాగా ఉంటుంది). వీరన్న పేరు మాత్రం గోదావరి జిల్లాల్లోనే చాలామందికి తెలీదు.

తర్వాత జరిగింది చూడండి. కాలవలొచ్చాయి. కాలవలతోపాటు లాకులొచ్చాయి. ఎండి చచ్చిన నేల వరి పండింది. ధవళేశ్వరం నుంచి కాకినాడ దాకా, ఇటు ఏలూరు మీదుగా బెజవాడ దాకా పడవలు నడిచాయి. అమెరికాలో 1861లో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండు మిల్లులకి పత్తి దొరక్కపోతే కాకినాడ రేవు ఒక్కసారిగా పుంజుకుంది. 1900లో గోదావరి మీద హేవ్‌లాక్ రైలు వంతెన తెరుచుకునే దాకా ఆ యాభై ఏళ్ళూ పడవల రోజులే. రాత్రి పడవెక్కితే తెల్లారేసరికి ఇంకో ఊరు. పడవలో ఒకే కప్పు కింద పంతులుగారు, వ్యాపారి, పెళ్ళివారు, కోర్టు కేసుకి వెళ్ళే రైతు. లాకు దగ్గర నీటిమట్టం సరిపడే దాకా పడవ ఆగాలి, అంతసేపూ కబుర్లు. సీరియల్‌కి ఇంతకంటే మంచి సెట్టు ఎవడైనా వేయగలడా? లార్క్ రైజ్‌లో పోస్టాఫీసు ఏ పని చేస్తుందో మనకి లాకు ఆ పని చేస్తుంది.

ఇదంతా ఉత్సాహంగా ఆఫీసులో ఓ మిత్రుడికి చెప్పాను. వాళ్ళదీ గోదావరి జిల్లానే, తాళ్ళరేవు వైపు. టీ తాగుతూ అంతా విన్నాడు. విని, "బావుంది గురూ. ఆ సీరియల్లో నువ్వు అరుగు మీద కూర్చుని కబుర్లు చెబుతుంటావు. మరి నేనెక్కడుంటాను?" అన్నాడు.

వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. వాడు గొడవ పడే మనిషి కాదు. నవ్వుతూనే అన్నాడు. వాళ్ళ ముత్తాత రంగం వెళ్ళినవాళ్ళలో ఒకడట. రంగం అంటే రంగూన్, తెలీనివాళ్ళ కోసం. ఆనకట్ట నీళ్ళు వచ్చాక కూడా కాకినాడ, కోరంగి రేవుల నుంచి వేలమంది కూలికి ఓడలెక్కి బర్మా పోయారు. బర్మాలో మనవాళ్ళని ఆ రేవు పేరు మీద కొరంగీలు అనే పిలిచేవారు. నీళ్ళు వచ్చింది పొలానికి, పొలం ఉన్నవాడికి. పొలం లేనివాడికి వచ్చింది ఇంకాస్త ఎక్కువ పని. వాడి ముత్తాత 1942లో జపాను వాళ్ళు వచ్చినప్పుడు మిగతా జనంతో అడవుల్లో పడి నడిచి ఇంటికి చేరాడట. "మా ఇంట్లో పీరియడ్ డ్రామా అంటే అదీ" అన్నాడు.

ఆ రోజు ఇంటికెళ్ళాక లార్క్ రైజ్ మళ్ళీ పెట్టాను, కానీ ఈసారి పుస్తకం పక్కన పెట్టుకుని. ఫ్లోరా థాంప్సన్ 1876లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో జూనిపర్ హిల్ అనే కుగ్రామంలో పుట్టింది. కూలివాళ్ళ పల్లె అది. మగవాళ్ళకి వారానికి పది షిల్లింగులు. ఆడపిల్లలు పన్నెండు పదమూడేళ్ళకే పనిమనుషులుగా ఇళ్ళు వదిలి వెళ్ళాలి. ఒకప్పుడు అందరిదీ అయిన బంజరు చుట్టూ కంచెలు పడ్డాక జనం ఎలా కూలివాళ్ళయ్యారో కూడా ఆవిడ రాసింది. పుస్తకంలో ఆకలి ఉంది. సీరియల్లో ఆకలి ఉంది గానీ ఇస్త్రీ చేసిన ఆకలి, ఎపిసోడ్ చివరికి తీరిపోయేది. అంటే ఇంగ్లీషు వాళ్ళూ అరుగు మీద కూర్చునే తీసుకుంటున్నారు. చూసే ప్రతివాడూ తనని డ్రాయింగ్ రూములో ఊహించుకుంటాడు, వంటింట్లో అంట్లు తోముతున్నట్టు ఎవడూ ఊహించుకోడు. లెక్కప్రకారం చూస్తే మాత్రం నూటికి తొంభైమంది ముత్తాతలు పొలంలోనో వంటింట్లోనో ఉండాలి.

వంటింట్లో అంటే గుర్తొచ్చింది. క్రాన్‌ఫర్డ్ గురించి అసలు విషయం ఇంకా చెప్పలేదు. అది ఆడవాళ్ళ ఊరు. ముఖ్యమైన పాత్రల్లో చాలామంది పెళ్ళికాని వాళ్ళు, లేదా భర్త పోయిన వాళ్ళు. మిస్ మ్యాటీకి డబ్బున్న బ్యాంకు దివాలా తీస్తే, ఆవిడ ఇంటి ముందు గదిలో టీ పొడి అమ్ముకుని బతకడానికి సిద్ధపడుతుంది. బీదరికమే, కానీ వాళ్ళకి ఓ పేరుంది, ఇల్లుంది, కుర్చీ ఉంది, ఊరి విషయాల్లో మాటుంది.

అదే కాలంలో అదే వయసు విధవ రాజమండ్రిలో ఎలా ఉండేది? 1856లోనే వితంతు వివాహాలు చెల్లుతాయని చట్టం వచ్చింది. గోదావరి ఒడ్డున అది కాగితం దాటి బయటికి రావడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తన ఇంట్లో గోగులపాటి శ్రీరాములుకి, గౌరమ్మకి పెళ్ళి చేయించాడు. వెలివేతకి భయపడి వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మే గోదావరి నుంచి నీళ్ళు మోసి వంట చేసింది. విద్యార్థులు కాపలా కాసారు. కాకినాడ వ్యాపారి పైడా రామకృష్ణయ్య డబ్బు ఇచ్చాడు. ఒక్క రోజు కథ, ఒకే ఇల్లు, బయట జనం, లోపల ఒక చిన్నపిల్ల పెళ్ళి. నేను డైరెక్టర్ని అయితే నాలుగు ఎపిసోడ్లు అక్కడే తీస్తాను, అదీ వంటింట్లోంచి.

పెళ్ళిళ్ళ సంగతి ఎలా ఉండేదో తెలియాలంటే కన్యాశుల్కానికి గురజాడ రాసుకున్న ఇంగ్లీషు ముందుమాట చదవండి. విశాఖపట్నం జిల్లాలో (గోదావరి కాదు, కానీ పెద్ద తేడా ఉంటుందని నేననుకోను) విజయనగరం మహారాజు మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కపు పెళ్ళిళ్ళ లెక్క తీయించారు. మొత్తం 1034. అందులో 99 మంది పెళ్ళికూతుళ్ళకి ఐదేళ్ళు, 44 మందికి నాలుగేళ్ళు, 36 మందికి మూడేళ్ళు, ఆరుగురికి రెండేళ్ళు, ముగ్గురికి ఒక ఏడు. ఏడాది పిల్లకి ధర మూడు వందల యాభై నుంచి నాలుగు వందల రూపాయలు. నేను రోజూ డేటాతోనే పనిచేస్తాను. ఇంత చిన్న టేబుల్ నన్ను ఇంతసేపు కూర్చోబెట్టడం ఎప్పుడూ జరగలేదు.

తమాషా ఏంటంటే, ఇలాంటి ఊళ్ళోంచే మన మొదటి నవలల్లో ఒకటి పుట్టింది, అదీ ఓ ఇంగ్లీషు పల్లెటూరి కథ చదివి. వీరేశలింగం రాజశేఖర చరిత్రము 1878లో ఆయన వివేకవర్ధనిలో వచ్చింది. గోల్డ్‌స్మిత్ 1766లో వేసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ దానికి ప్రేరణ. కానీ వీరేశలింగం ఇంగ్లీషు పల్లెని తెచ్చి ఇక్కడ దింపలేదు. కథ ధవళేశ్వరంలో పెట్టాడు. పొగడ్తలకి పడిపోయే పెద్దమనిషి, చుట్టూ చేరి తినే జనం, బంగారం చేసి ఇస్తానని ఇంట్లో ఉన్న బంగారం కాస్తా పట్టుకుపోయే బైరాగి. గోదావరి జిల్లా వాళ్ళకి ఈ బైరాగిని పరిచయం చేయక్కర్లేదు, మల్టీలెవెల్ మార్కెటింగ్ రూపంలో ఇప్పటికీ వస్తూనే ఉన్నాడు. 1887లో ఆ నవల ఇంగ్లీషులోకి వెళ్ళి లండన్‌లో అచ్చయింది. అంటే అప్పుడే మన ధవళేశ్వరం వాళ్ళ డ్రాయింగ్ రూములోకి వెళ్ళింది. మనమే దాన్ని మన టీవీలోకి తెచ్చుకోలేదు.

సరుకు లేకనా? ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీ బయల్దేరి దారి పొడుగునా చూసింది రాసుకున్నాడు. వీరేశలింగం, చిలకమర్తి స్వీయచరిత్రలున్నాయి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి అనుభవాలూ జ్ఞాపకాలూనూ ఉంది. గాస్కెల్, థాంప్సన్‌లకి తీసిపోయే సరుకేం కాదు ఇది. కానీ మనం గోదావరి అనగానే కెమెరా తీసుకెళ్ళి అరుగు మీద పెడతాం. పెద్ద ఉమ్మడి కుటుంబం, అమెరికా నుంచి వచ్చిన మనవలు, సంక్రాంతి, అరిసెలు. శతమానం భవతి నాకూ నచ్చింది, అబద్ధం చెప్పను, థియేటర్లో కళ్ళు తుడుచుకున్నాను కూడా. ఐతే ఆ ఊరికి సంవత్సరం ఉండదు. ఆనకట్ట ఎప్పుడొచ్చిందో, ఆ ఇల్లు ఏ పంట డబ్బుతో కట్టారో, పేటలో ఎవరున్నారో కనపడదు. 1955లో పుల్లయ్యగారు కన్యాశుల్కం తీసి బుచ్చమ్మని తెరమీద చూపించారు. బుచ్చమ్మలాంటి పిల్లకి మన సంక్రాంతి సినిమాల ఇళ్ళల్లో గది లేదు.

ఇంతా చెప్పి మా ఇంటి సంగతి దాచుకోవడం బావుండదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మామ్మకి ట్యాబ్‌లో క్రాన్‌ఫర్డ్ పెట్టాను. పక్కన కూర్చుని తెలుగులో చెబుతున్నాను. ఆవు చొక్కా దగ్గర మామ్మ పగలబడి నవ్వింది. తర్వాత కాసేపు చూసి, "ఈవిడకి పెళ్ళి కాలేదా?" అంది, మిస్ మ్యాటీని చూపించి. లేదన్నాను. "ఆవిడో?" ఆవిడ భర్త పోయాడు మామ్మా అన్నాను. "మరి జుట్టు అలాగే ఉందేం?" అంది.

అప్పుడు చెప్పింది. మా మామ్మ వాళ్ళ మామ్మగారికి ఓ ఆడపడుచు ఉండేదట. ఏడో ఏట పెళ్ళి, తొమ్మిదో ఏట అంతా అయిపోయింది. తర్వాత అరవై ఏళ్ళు ఆ ఇంట్లోనే, మల్లు పంచెతో, వెనక గదిలో. మడి వంటంతా ఆవిడదే. మా ఇంట్లో ఇప్పటికీ ఆవకాయ పెట్టేటప్పుడు వేసే పాళ్ళు, మా అమ్మ ఎక్సెల్‌లో రాసి నాకు పంపించినవి, అవి ఆవిడ పాళ్ళట. నేను ఆఫీసుకి పట్టుకెళ్తే జనం వేళ్ళు నాకుతారు, మా ఇంటి ఆవకాయ అని గొప్పగా చెప్పుకుంటాను.

ఆవిడ పేరేంటి మామ్మా అని అడిగాను. మామ్మ నోరు తెరిచి, ఆగిపోయింది. "అందరం వెనకింటి అత్తయ్యగారనే అనేవాళ్ళంరా" అంది. ఫోటో లేదు. విధవకి ఫోటో ఎవరు తీస్తారు. పొలం కాగితాల్లో మాత్రం ముత్తాతల పేర్లు, ఇంటిపేర్లు, సర్వే నెంబర్లతో సహా అన్నీ ఉన్నాయి.

హైదరాబాద్ వచ్చేసాక వారం రోజులకి మామ్మ ఫోన్ చేసింది. పొద్దున్నే ఆరింటికి, నాకింకా కళ్ళు తెరుచుకోలేదు. "ఒరేయ్, ఆవిడ పేరు సూరమ్మేమోరా... లేకపోతే సుబ్బమ్మో. అమలాపురంలో మా పెదనాన్నగారి కోడలికి తెలుసుంటుంది. ఆవిడకి తొంభై దాటాయి, చెవులు వినపడవు. నువ్వొచ్చినప్పుడు ఇద్దరం వెళ్ళి అడుగుదాం" అంది.

రెండో శనివారానికి బస్సు టికెట్ తీసుకున్నాను. ట్యాబ్ కూడా పట్టుకురమ్మంది, ఆ టీ పొడి కొట్టు పెట్టుకున్నావిడ సంగతి ఏమైందో చూడాలట.